ఊలుతో ఒంగోలు గిత్త: లెక్క వేసుకుని బొమ్మను సొంతంగా అల్లడం

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: స్వెట్టర్లు, టోపీలు అల్లడం వచ్చు. పాప ఆడుకోవడానికి ఆవు, గిత్త, గేదె, గొర్రె, కోడి, అంటే దొడ్డి మొత్తాన్నీ, ఎవరి నమూనా చూడకుండా సొంతంగా అల్లాలని ఉంది. మొదటి ఆవు అల్లితే లోపలి దూది బయటికి కనిపిస్తోంది, కాళ్ళు పక్కలకు జారిపోతున్నాయి, తల వాలిపోతోంది, చూసినవాళ్ళు కుక్క అనుకుంటున్నారు.

ఈ నాలుగింటిలో మూడింటికి మొదటి మూలం ఒకటే; ఒక్కోదానికి ఉన్న సొంత కారణం ఆ భాగం దగ్గర చెప్తాను. ఆకారం అల్లికలోనే రావాలి, కూరడంతో రాదు. గొట్టంలా అల్లేసి దూది కుక్కి ఒళ్ళు తెప్పించాలని చూస్తే కుట్లు సాగి సందులు పడతాయి, బరువు కిందికి దిగుతుంది, అతుకులు లాగుతాయి. ఎక్కడ ఎన్ని కుట్లు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ముందే లెక్క కట్టి అల్లితే దూది ఆ ఆకారాన్ని నిలబెడుతుంది, అంతే. నాలుగోది, కుక్కలా కనిపించడం, కళ్ళు పెట్టిన చోటు వల్ల. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఉదాహరణకు ఒంగోలు గిత్తనే తీసుకుందాం. పెద్ద మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు ఉన్నాయి కాబట్టి ఇందులో నేర్చుకునేది ఎక్కువ. ఇది వస్తే మిగతావి సులువు.

ముందు ఊలు, సూదుల సంగతి. మన దుకాణాల్లో లేబుల్ మీద ఉండే ‘4 ప్లై’ అన్న మాటను నమ్ముకోకండి. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్తుంది, మందం ఎంతో చెప్పదు. స్కేలు మీద 2.5 సెం.మీ. మేర దారాన్ని పక్కపక్కనే వదులుగా చుట్టండి. 11 నుంచి 14 చుట్లు పడితే అది డీకే (డబుల్ నిట్టింగ్) మందం, ఈ లెక్కంతా దానికే. మామూలు యాక్రిలిక్ చాలు. నూలు దారం సాగదు, బరువెక్కువ, పొరపాట్లను దాచదు. మొదటి బొమ్మకు వద్దు. తెలుపు 60 గ్రాములు, ముదురు బూడిదరంగు 15, నలుపు 10 సరిపోతాయి. కూరడానికి సుమారు 60 గ్రాముల రీక్రాన్ (పాలిస్టర్ దూది) తీసుకోండి.

దూది కనిపించడానికి ఇంకో కారణం సూదుల సైజు. డీకే ఊలు లేబుల్ మీద 4 మి.మీ. అని ఉంటుంది, అది స్వెట్టర్ కోసం. బొమ్మకు 3 లేదా 3.25 మి.మీ. సూదులు కావాలి. ఇక్కడో చిక్కుంది. మన దగ్గర అమ్మే సూదులకు పాత బ్రిటిష్ అంకెలు: 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 11 అంటే 3. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నమూనాల్లో ఇది తలకిందులు, అక్కడి 10 అంటే 6 మి.మీ. వాళ్ళ అంకె చూసి మన దుకాణంలో సూదులు కొంటే బొమ్మ మొత్తం చెడుతుంది. ఎప్పుడూ మి.మీ. కొలతే చూడండి.

స్వెట్టర్‌కైతే చదరపు ముక్క అల్లి కొలుస్తాం. బొమ్మకు అది చాలదు, దూది కూరాక గుడ్డ సాగుతుంది కదా. చిన్న బంతి అల్లి కొలవండి. 8 కుట్లు ఎక్కించి, వరుస విడిచి వరుసలో 8 చొప్పున పెంచుతూ 32కి తీసుకెళ్ళి, 8 వరుసలు తిన్నగా అల్లి, అలాగే తగ్గిస్తూ 8కి దించి, గట్టిగా కూరి మూసేయండి. 10 సెం.మీ.కి 26 కుట్లు, 36 వరుసలు వచ్చే బిగువులో 32 కుట్ల చుట్టుకొలత 12.3 సెం.మీ. ఉండాలి. కూరాక 13.5 దాకా రావడం మామూలే, పదో వంతు సాగుడు ఉంటుంది. 14.5 వచ్చిందంటే సూది ఇంకో సైజు తగ్గించాలి. బంతిని కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. కుట్టుకీ కుట్టుకీ మధ్య తెల్లటి చుక్కలు మెరిస్తే అక్కడి నుంచే రీక్రాన్ పోగులు బయటికి వస్తాయి. అప్పుడు కూడా సూది మార్చాల్సిందే, దూది తగ్గించి లాభం లేదు.

ఇక ఒళ్ళు. పక్క నుంచి తీసిన గిత్త ఫొటో మీద పలచటి కాగితం పెట్టి అవుట్‌లైన్ గీసుకోండి. దాన్ని వృత్తాలు, గొట్టాలు, శంకువులుగా విడగొట్టండి. ఒళ్ళు రెండు అర్ధగోళాల మధ్య ఒక గొట్టం, మెడ ఒక శంకువు, తల మొన చెక్కేసిన ఇంకో శంకువు. మన బొమ్మకు ఒంటి వ్యాసం 7 సెం.మీ., పొడవు 14 అనుకుందాం. చుట్టుకొలత సుమారు 22 సెం.మీ. సెంటీమీటరుకు 2.6 కుట్లు చొప్పున 57 వస్తుంది, ఎనిమిదితో భాగించడానికి వీలుగా 56 తీసుకుంటాం.

వెనక భాగం గుండ్రంగా రావాలంటే ఎప్పుడెప్పుడు పెంచాలన్నదే అసలు లెక్క. అందరూ చేసేది వరుస విడిచి వరుసలో చివరిదాకా పెంచుకుంటూ పోవడం. అలా చేస్తే గోళం రాదు, మొన ఉన్న గిన్నెలా వస్తుంది. గోళంలో మొదట చుట్టుకొలత వేగంగా పెరుగుతుంది, నడుము దగ్గరకొచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. 3.5 సెం.మీ. వ్యాసార్ధమున్న అర్ధగోళంలో మొన నుంచి అంచుదాకా ఉపరితలం మీద కొలిస్తే 5.5 సెం.మీ., అంటే 20 వరుసలు. 8 కుట్లతో మొదలుపెడితే 4, 6, 8, 10, 14, 18 వరుసల్లో ఎనిమిదేసి పెంచాలి. చివరి రెండు పెంపులూ దూరం జరిగాయి చూడండి, గుండ్రదనం అక్కడి నుంచే వస్తుంది.

మొదటి వరుసతో సహా బేసి వరుసలన్నీ పర్ల్ (ఉల్టా కుట్టు), సరి వరుసలన్నీ నిట్ (సీదా కుట్టు). తొలి పెంపులో ప్రతి కుట్టునూ ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అల్లి రెండు చేయండి. ఈ పద్ధతిలో చిన్న అడ్డగీత పడుతుంది, అది తోక కింద దాక్కుంటుంది కాబట్టి పర్వాలేదు. తర్వాతి పెంపులకు మాత్రం రెండు కుట్ల మధ్య ఉన్న అడ్డదారాన్ని ఎత్తి, మెలితిప్పి అల్లండి. మెలి తిప్పకపోతే అక్కడ సరిగ్గా ఒక చిల్లు మిగులుతుంది. ఇంకో మాట: ప్రతి పెంపునూ ముందటి పెంపు మీదే వేస్తే ఎనిమిది గీతలు పైకి లేచి బొమ్మ గొడుగులా కనిపిస్తుంది. వరుసను ఎనిమిది భాగాలు అనుకుని, ఒక వరుసలో ప్రతి భాగం మొదట్లో పెంచితే తర్వాతి పెంపు వరుసలో భాగం మధ్యలో పెంచండి.

20 వరుసలయ్యాక 25 వరుసలు తిన్నగా, అంటే 7 సెం.మీ. తర్వాత ముందు అర్ధగోళం, అద్దంలో చూసినట్టు తిరగేసి: 48, 52, 56, 58, 60, 62 వరుసల్లో ఎనిమిదేసి తగ్గించండి. 63 అయ్యాక దారం తుంచి, మిగిలిన 8 కుట్లలోంచి లాగి బిగించండి. అతుకు పొట్ట కిందికి వస్తుంది, కాళ్ళ మధ్య ఎవరికీ కనిపించదు. అంచు కుట్టులో సగం మాత్రమే పట్టుకుంటూ, రెండు వైపులా అడ్డదారాలు ఎత్తుతూ అతకండి. అతుకులో ఒక కుట్టు వెడల్పే పోతుంది, లెక్కలో పట్టించుకోనక్కర్లేదు. సగం అతికాక కూరడం మొదలుపెట్టండి.

కాళ్ళు. నిజం గిత్త కాళ్ళు పొడుగు, కానీ బొమ్మకు కాలి పొడవు మందానికి మూడు రెట్లు దాటకూడదు. దాటితే ఎంత కూరినా మోకాలి దగ్గర మడత పడుతుంది. 18 కుట్లకు వ్యాసం 2.2 సెం.మీ. వస్తుంది, పొడవు 6.5 చాలు.

నల్ల ఊలుతో 6 కుట్లు ఎక్కించండి.
1వ వరుస పర్ల్.
2వ వరుసలో ప్రతి కుట్టునూ రెండు చేస్తే 12.
3వ వరుస పర్ల్.
4వ వరుసలో రెండు కుట్లకొకటి పెంచితే 18.
5వ వరుస పర్ల్ చేయాల్సిన చోట నిట్ చేయండి.
6 నుంచి 9 వరకు మామూలుగా, నలుపే. ఇదే గిట్ట.
10 నుంచి 29 వరకు తెలుపు. వెనక కాళ్ళకైతే 22, 24, 26 వరుసల్లో రెండేసి పెంచి 24 చేయండి, తొడ వస్తుంది.

ఆ 5వ వరుసే కాలికి ప్రాణం. బయటివైపు ఒక గట్టు లేస్తుంది, అరికాలు అక్కడ మడత పడి బల్లపరుపుగా నిలుస్తుంది. అది లేకపోతే కాలు వేలిలా గుండ్రంగా ముగిసి బొమ్మ దొర్లుతుంది. నాలుగు వరుసల్లో 6 నుంచి 18కి పెంచడం కూడా ఊరికే కాదు. ఈ బిగువులో బల్లపరుపు వృత్తం రావాలంటే వరుసకు సగటున నాలుగున్నర కుట్లు చేరాలి; మొదట ఎక్కించిన 6 కూడా కలిపితే నాలుగు వరుసల్లో 18, సరిగ్గా అంతే పడుతుంది. పెద్ద పిల్లల బొమ్మైతే ఐస్‌క్రీమ్ డబ్బా మూత నుంచి 2 సెం.మీ. బిళ్ళ కత్తిరించి అరికాల్లో పెట్టొచ్చు, అంచు గీరుకోకుండా నున్నగా చేసి.

కాలిని కింది మూడొంతులు రాయిలా గట్టిగా కూరండి, పై భాగం కాస్త వదులుగా ఉంచండి. అతికేటప్పుడు వరుసలే మీకు స్కేలు. వెనక కాళ్ళ మధ్యబిందువు 20వ వరుస మీద, ముందు కాళ్ళది 45వ వరుస మీద. పొట్ట అతుకు నుంచి ఇరువైపులా 2 సెం.మీ. దూరం. ముందు గుండుసూదులతో నాలుగూ పెట్టి బల్ల మీద నిలబెట్టి చూడండి. కాలి పైఅంచును ఒక్క చోట కాకుండా చుట్టూ, ప్రతి కుట్టునూ పట్టుకుంటూ వలయంగా అతకండి. మీ ఆవు కాళ్ళు జారింది ఇక్కడే: పైఅంచు ముడిచేసి ఒక బిందువులో అతికితే అది కీలులా తిరుగుతుంది. అయినా పక్కలకు పోతుంటే పొడుగు సూదితో ఎడమ కాలి లోపలివైపు నుంచి ఒంట్లోంచి కుడి కాలి లోపలివైపుకు దారం పోనిచ్చి, వెనక్కి తెచ్చి, కొద్దిగా లాగి ముడేయండి. ఎక్కువ లాగితే కాళ్ళు కత్తెరలా దగ్గరికొస్తాయి.

మెడ విడిగా అల్లండి. 40 కుట్లు ఎక్కించి 4, 8, 12 వరుసల్లో నాలుగేసి తగ్గిస్తే 14 వరుసల్లో 28కి వస్తుంది. వెడల్పు అంచును ముందు అర్ధగోళం పై సగంలో, 45 డిగ్రీల వాలులో కూర్చోబెట్టి చుట్టూ అతకండి. అతుకు పూర్తయ్యాక కూరాలి, పూర్తవకముందు కాదు. అప్పుడే దూది ఒంటి గోడకు ఆనుకుని నిలుస్తుంది. తల వాలడానికి తొంభై పాళ్ళు కారణం మెడ మొదట్లో దూది లేకపోవడం. వేలితో నొక్కితే లోపలికి దిగకూడదు.

తల ముట్టె నుంచి మొదలుపెట్టాలి. ముదురు బూడిదరంగుతో 6 కుట్లు. 2వ వరుసలో 12, 4లో 18, 6లో 24. ఇక్కడ ఆరు వరుసల్లో 24, అంటే వరుసకు నాలుగే పడ్డాయి కాబట్టి వృత్తం పూర్తిగా పరుచుకోకుండా కాస్త శంకువులా లేస్తుంది, ముట్టెకు అదే కావాలి. 8వ వరుస నుంచి తెలుపు. 12వ వరుసలో మధ్య 12 కుట్ల పరిధిలోనే నాలుగు పెంచండి, 14లో మళ్ళీ నాలుగు, మొత్తం 32. పెంపులన్నీ మధ్యలో పడ్డాయి కాబట్టి నుదురు ఉబ్బుతుంది, అతుకు ఉన్న దవడ తిన్నగా ఉంటుంది. 15 నుంచి 19 తిన్నగా. 20లో 24కి, 22లో 16కి తగ్గించి, దారం లాగి మూసేయండి. పొడవు 6 సెం.మీ. వస్తుంది.

మూపురాన్ని ఒంటితో పాటే సగం వరుసలు తిప్పి అల్లొచ్చు కదా అనిపిస్తుంది. ఆవుకైతే సరే, చిన్న మూపురం కాబట్టి: వరుస మధ్యలో 35 కుట్లు అల్లి తిప్పి, 14 పర్ల్ చేసి తిప్పి, ఆ తర్వాత 12, 10, 8 అలా తగ్గుతూ రావాలి. తిప్పిన ప్రతి చోటా పక్క కుట్టుకు దారం చుట్టి, తర్వాత ఆ చుట్టును కుట్టుతో కలిపి అల్లండి, లేకపోతే చిల్లు పడుతుంది. గిత్తకు మాత్రం ఇది వద్దు. వీపు మీద అన్ని వరుసలు అదనంగా చేరితే వీపు పొడవు పెరుగుతుంది, పొట్ట పొడవు అంతే ఉంటుంది. మొత్తం ఒళ్ళు ముందుకు వంగి గిత్త నేల వాసన చూస్తున్నట్టు నిలబడుతుంది. అందుకే విడిగా: 30 కుట్లు ఎక్కించి, 5 వరుసలు తిన్నగా, 6లో 24, 10లో 18, 12లో 12, 14లో 6, మూసేయడం. అడుగును 4.5 సెం.మీ. పొడవు, 2.5 వెడల్పున్న కోలగా నొక్కి, ముందు కాళ్ళకు సరిగ్గా పైన అతకండి. ఒంగోలు మగ పశువుకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిదరంగు నీడలు ఉంటాయి. మూపురాన్ని బూడిదరంగుతో మొదలుపెట్టి ఒకేసారి తెలుపుకు మారితే టోపీ పెట్టినట్టుంటుంది. మధ్యలో ఆరు వరుసలు ఒకటి తెలుపు, ఒకటి బూడిద వేయండి, దూరం నుంచి నీడలా కలిసిపోతుంది.

గంగడోలు దగ్గర కాస్త ఓపిక పట్టండి. గిత్తకు అందం అక్కడే ఉంది. దీన్ని విడిగా అల్లి అతకకండి. గవద కింది నుంచి మెడ మీదుగా ముందు కాళ్ళ మధ్యదాకా, మెడ గుడ్డలోంచే 26 కుట్లు ఎత్తుకోండి. రెండు వైపులా నిట్ వరుసలే వేయాలి. స్టాకినెట్ (ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్) అయితే అంచు చుట్టుకుపోతుంది. నిట్ గట్లు మెడ పొడవునా ఒకదాని కింద ఒకటి పడతాయి, అసలు గంగడోలు మడతలు కూడా సరిగ్గా ఆ దిశలోనే ఉంటాయి. 2వ వరుసలో ప్రతి నాలుగు కుట్లకు ఒకటి పెంచండి, అంచు అలలా ఊగుతుంది. 4, 5 వరుసల్లో రెండు చివర్లా ఆరేసి కుట్లు వదిలి వెనక్కి తిరగండి, మధ్యభాగం లోతుగా వేలాడుతుంది. 8 వరుసలయ్యాక ఒక సైజు పెద్ద సూదితో వదులుగా ముగించండి. బిగించి ముగిస్తే అంచు ముడుచుకుని గంగడోలు కాస్తా బిగుతు పట్టీ అయిపోతుంది.

కొమ్ములు పొట్టిగా, మొద్దుగా, బయటికి వెనక్కి తిరిగి ఉంటాయి. 6 కుట్లు, 6 వరుసలు, తర్వాత 4, 2. 2.25 మి.మీ. సూదులతో గట్టిగా అల్లి, లోపల కత్తిరించిన ఊలు ముక్కలే కూరండి. రీక్రాన్ అంత సన్నని చోట ఉండలు కడుతుంది. తోక నాలుగు కుట్ల అల్లిక తాడు, 8 సెం.మీ., చివర నల్ల కుచ్చు. చెవులు కొమ్ముల కింద, కొంచెం వెనగ్గా, అడ్డంగా.

ఇప్పుడు కుక్క సంగతి. పశువులకు కళ్ళు తలకు పక్కలకు ఉంటాయి. మనం అలవాటుగా ముఖం ముందువైపు రెండు కళ్ళు పెడతాం, వెంటనే అది కుక్కో మనిషో అయిపోతుంది. ముట్టె కొసకీ కొమ్ము మొదలుకీ సరిగ్గా సగం దూరంలో, ఎదురుగా చూస్తే సగం కన్నే కనిపించేలా పక్కకు పెట్టండి. ముందు నల్ల తలల గుండుసూదులు గుచ్చి, రెండు మీటర్ల దూరం నుంచి చూసి, జరిపి, అప్పుడు కుట్టండి. ఒంగోలు జాతికి కంటి చుట్టూ నల్ల వలయం ఉంటుంది. కన్ను చుట్టూ ఒక్క పోగుతో గొలుసుకుట్టు వేస్తే చాలు, చూపు వచ్చేస్తుంది. కళ్ళు కుట్టిన దారాన్ని తలలోంచి ఆ పక్కకు తీసి ఒక్క పిసరు లోపలికి లాగండి, కంటిగుంట పడుతుంది. ముక్కు రంధ్రాలు కామా ఆకారంలో. నోరు గీత పెట్టకపోయినా ఏమీ లోటు ఉండదు, నవ్వుతున్న నోరు పెడితే మాత్రం పశువు పోలిక పోతుంది.

మిగతా జంతువులకూ పద్ధతి ఇదే: ఒక్కో దాన్ని గుర్తుపట్టించే రెండు మూడు లక్షణాలు ఎంచుకుని, వాటి మీదే శ్రమ పెట్టండి. గేదెకు మూపురం, గంగడోలు ఉండవు; తల ముందుకు చాచినట్టు, వీపుతో దాదాపు సమంగా ఉండాలి. ముర్రా గేదె కొమ్ములు బిగువుగా చుట్టుకుని ఉంటాయి. అల్లిక తాడు ఒక పక్కన దారం దూర్చి లాగితే తీగ అక్కర్లేకుండా చుట్టుకుంటుంది. అచ్చమైన నలుపు కంటే బొగ్గురంగు వాడండి. నలుపులో కుట్లు లెక్క అందవు, అల్లాక ముఖం కూడా కనిపించదు. మేకకు తోక పైకి, గొర్రెకు కిందికి. ఈ ఒక్కటి తప్పితే మిగతా అంతా సరిగ్గా చేసినా తేడాగానే ఉంటుంది.

గొర్రె దగ్గర చాలామంది విదేశీ నమూనాలు చూసి ఉంగరాల ఊలు తొడిగేస్తారు. మన నెల్లూరు గొర్రెకు ఊలే ఉండదు, పొట్టి వెంట్రుక మాత్రమే. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, వంపు తిరిగిన ముక్కు. దానికి మామూలు స్టాకినెట్టే సరి. నెల్లూరు గొర్రెల్లో జొడిపి రకం అల్లాలంటే తెలుపు మీద పెదవులు, కళ్ళు, కింది దవడ దగ్గర నల్ల మచ్చలు వేయండి. దొర రకమైతే మొత్తం ఎర్రగోధుమ రంగు. ఊలున్న గొర్రె కావాలంటే తెలంగాణ వైపు దక్కనీ గొర్రె ఉంది, గొంగడి నేసేది దాని ఊలుతోనే. దానికి ఉచ్చుల అల్లిక బాగుంటుంది: కుట్టును నిట్ చేసి ఎడమ సూది నుంచి జారనివ్వకుండా, దారం ముందుకు తెచ్చి బొటనవేలికి చుట్టి వెనక్కి తీసుకెళ్ళి, అదే కుట్టును మళ్ళీ అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీంచి దాటించాలి. కుట్టు విడిచి కుట్టుకు, నిట్ వరుసల్లో మాత్రమే. ఉచ్చు 1 సెం.మీ. దాటితే పసిపిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి. ఊలు రెట్టింపు పట్టవచ్చు, ముందే ఎక్కువ కొనుక్కోండి. అసలు దక్కనీ ఊలు గరుకుగా ఉంటుంది, అల్మారాలో పెట్టుకునే బొమ్మకు బాగుంటుంది కానీ చంటిపిల్లలకు కాదు.

కోడికి గుడ్డు ఆకారం: 8 నుంచి 40కి రొమ్ము వైపు త్వరగా పెంచి, తోక వైపు రెట్టింపు వరుసల్లో నెమ్మదిగా తగ్గించాలి. కాళ్ళు పెట్టకుండా పొదిగే కోడిలా కూర్చోబెట్టండి. రెండు సన్నని కాళ్ళ మీద తీగ లేకుండా నిలబడదు, తీగ పిల్లల బొమ్మలో ఉండకూడదు. జుట్టుకు వాడే ఎర్ర ఊలును ముందుగా తడిపి తెల్లగుడ్డలో ఒత్తి చూడండి, రంగు దిగితే మార్చేయండి.

కూరడంలో ఒక మాట. ఇంట్లో ఉంది కదా అని బూరుగుదూది వాడొద్దు. సన్నని పోగులు అల్లిక సందుల్లోంచి వస్తూనే ఉంటాయి, ఉతికితే లోపల ఆరదు, ఉండలు కడుతుంది. బరువు కోసం బియ్యం, ఆవాలు పోస్తే పురుగు పడుతుంది. రీక్రాన్‌ను చిన్న చిన్న తునకలుగా విడదీసి, అంచుల దగ్గర ముందు, మధ్యలో చివర నింపండి. పెద్ద ఉండగా తోస్తే బయట గడ్డల్లా తేలుతుంది.

పాపకు మూడేళ్ళు నిండలేదంటే గుండీలు, పూసలు, గంటలు వద్దు, కళ్ళు దారంతోనే కుట్టండి. 3.17 సెం.మీ. వ్యాసమున్న గొట్టంలో పట్టేది ఏదైనా గొంతులో అడ్డం పడగల చిన్న వస్తువుగా లెక్క. వెనక బిళ్ళతో బిగించే ప్లాస్టిక్ కళ్ళు కూడా అల్లిక గుడ్డలో నమ్మకం కాదు, కుట్టు సాగి బిళ్ళతో సహా బయటికి వస్తాయి. కనుమకు ముస్తాబు చేసినట్టు మెడలో పట్టెడ అల్లి కుట్టేయండి, ఎంత బాగుంటుందో. పలుపుతాడు పెడితే జానెడు లోపే. ఉతకాల్సి వస్తే దిండు గలీబులో వేసి చేత్తో పిండి, తువ్వాలులో నొక్కి నీడలో ఆరేయండి. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టొద్దు, కరిగి మెరుపు తేలుతుంది. ముందు ముందు అమ్మే ఆలోచన ఉంటే, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మేవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు.

గిత్త అయ్యాక దూడ అల్లాలనిపిస్తుంది. అదే నమూనాను సన్నటి ఊలు, 2.25 మి.మీ. సూదులతో అల్లితే 10 సెం.మీ.కి 34 కుట్లు వచ్చి మూడొంతుల సైజు బొమ్మ వస్తుంది, కానీ అది దూడ కాదు, చిన్న గిత్తే. దూడకు ఒంట్లో తిన్నటి వరుసలు 25కు బదులు 14 వేయండి, కాళ్ళ వరుసలు తగ్గించకండి. మూపురం, కొమ్ములు తీసేయండి. గంగడోలు మూడు వరుసలు చాలు. తలను మాత్రం డీకే ఊలుతో, పెద్ద సూదులతోనే అల్లి చెవులు రెండు వరుసలు పొడిగించండి.